ప్రజాస్వామ్య సంస్థలపై విదేశీ గూఢచర్యం: ప్రభుత్వాల ప్రతిస్పందన, కలకత్తా అనుభవాలు

కోల్‌కతా నగరంలో హోచిమిన్ సరణి అనే వీధి ఉంది. ఒకప్పుడు దాని పేరు హారింగ్టన్ వీధి. వియత్నాం యుద్ధకాలంలో పేరు మార్చారు. అమెరికా కాన్సులేట్, బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్ ఉన్నది ఆ వీధిలోనే. ఇదే నగరంలో రష్యా సాంస్కృతిక కేంద్రం గోర్కీ సదన్ ఉంది. బంగ్లాదేశ్, చైనా తదితర దేశాల కార్యాలయాలూ ఉన్నాయి. దౌత్యవేత్తలు, వ్యాపారులు, శరణార్థులు, పత్రికా రచయితలు, రాజకీయ కార్యకర్తలు కలగలిసే ఇటువంటి నగరాలలో సమాచారానికి విలువ ఎక్కువ. దానిని రహస్యంగా సేకరించే ప్రయత్నాలూ ఎక్కువే.

విదేశీ గూఢచర్యం అనగానే సైనిక స్థావరాలు, ఆయుధాల నమూనాలు గుర్తుకు వస్తాయి. శాసనసభ, ఎన్నికలు, రాజకీయ పక్షాలు, పత్రికలు, మంత్రుల కార్యాలయాలు కూడా దానికి లక్ష్యాలే. ఇటువంటి ముప్పు ఎదురైనప్పుడు ప్రభుత్వాలు ఏమి చేస్తాయి? ఏ చట్టాలను ఆశ్రయిస్తాయి? ఆ చర్యలకు మూల్యం చెల్లించేది ఎవరు? కలకత్తా చరిత్రను, ఇతర దేశాల అనుభవాలను ఆధారంగా చేసుకుని ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

మూడు పదాలు, మూడు అర్థాలు

ముందుగా మూడు విషయాలను వేరుచేసి చూడాలి. మొదటిది పలుకుబడి. ఒక దేశం తన వాదాన్ని బహిరంగంగా వినిపించడం, ఉపకార వేతనాలు ఇవ్వడం, పుస్తక ప్రదర్శనలు నిర్వహించడం దీని కిందికి వస్తాయి. ఇవి నేరాలు కావు. రెండవది గూఢచర్యం. అంటే రహస్య సమాచారాన్ని అక్రమంగా సంపాదించడం. మూడవది జోక్యం. రహస్యంగా సొమ్ము ఇచ్చి, బెదిరించి లేదా మోసగించి ఒక దేశపు రాజకీయ నిర్ణయాలను తమకు అనుకూలంగా మలచుకోవడం.

ఆచరణలో రెండవది మూడవదానికి దారితీస్తుంది. ఒక పక్షం కార్యాలయం నుంచి తస్కరించిన లేఖలను ఎన్నికల వేళ బయటపెడితే, గూఢచర్యం జోక్యంగా మారుతుంది. అయితే మొదటిదానిని మూడవదిగా పొరబడినా ప్రమాదమే. విదేశీయుడితో మాట్లాడిన ప్రతి పౌరుడూ అనుమానితుడు అవుతాడు. ప్రభుత్వాల ప్రతిస్పందన ఎంత నాణ్యమైనదో ఈ తేడాలను ఎంత జాగ్రత్తగా పాటించిందన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

కలకత్తా ఎందుకు?

అమెరికా అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1792లోనే బెంజమిన్ జాయ్‌ను కలకత్తాకు కాన్సుల్‌గా నియమించారు. ఈస్టిండియా కంపెనీ ఆయనను కాన్సుల్‌గా గుర్తించలేదు. వాణిజ్య ప్రతినిధిగా మాత్రమే ఉండనిచ్చింది. విదేశీ ప్రతినిధి ఎవరు, ఆయన ఏ పని చేయవచ్చు అన్న ప్రశ్న ఈ నగరంలో అంత పాతది.

1911 వరకు కలకత్తా బ్రిటిష్ ఇండియా రాజధాని. అధికార రహస్యాలకు సంబంధించిన తొలి చట్టం 1889లో, ఆ కాలంలోనే వచ్చింది. 1904లో వైస్రాయి కర్జన్ హయాంలో దానిని మరింత కఠినం చేశారు. పత్రికలు తీవ్రంగా నిరసించాయి. గోపాలకృష్ణ గోఖలే శాసనమండలిలో దానిని వ్యతిరేకించారు. గూఢచారులను పట్టడానికని చేసిన చట్టం, ప్రభుత్వాన్ని విమర్శించే వారి నోరు నొక్కడానికి పనికివస్తుందన్నది నాటి ఆందోళన. నూరేళ్లు దాటినా ఆ చర్చ ముగియలేదు.

1923లో వచ్చిన అధికార రహస్యాల చట్టం నేటికీ అమలులో ఉంది. దాని 3వ సెక్షన్ గూఢచర్యానికి సంబంధించినది. రక్షణ వ్యవహారాలకు సంబంధించిన నేరమైతే 14 ఏళ్ల వరకు, ఇతర సందర్భాలలో మూడేళ్ల వరకు జైలు విధించవచ్చు. మొదట ఈ సెక్షన్‌లో ప్రధానమైన మాట 'శత్రువు'. సమాచారం శత్రువుకు ఉపయోగపడేదై ఉండాలి. 1967లో పార్లమెంటు దీనిని సవరించి పరిధిని విస్తరించింది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు దెబ్బతినే అవకాశం ఉన్న విషయాలను కూడా చేర్చింది.

ఈ సవరణ ప్రాముఖ్యం ఇటీవల బ్రిటన్‌లో జరిగిన ఒక ఘటనతో తెలుస్తుంది. పార్లమెంటుకు సంబంధించిన సమాచారాన్ని చైనాకు అందించారన్న ఆరోపణపై ఇద్దరిపై పెట్టిన కేసును అక్కడి ప్రాసిక్యూషన్ 2025లో ఉపసంహరించుకుంది. నిందితులు ఆరోపణలను ఖండించారు. కేసు పెట్టింది 1911 నాటి చట్టం కింద. ఆ చట్టంలోనూ కీలక పదం 'శత్రువు'. ఆరోపిత నేరకాలంలో చైనా జాతీయ భద్రతకు ముప్పు అని నిరూపించే సాక్ష్యం ప్రభుత్వం నుంచి లభించలేదని ప్రాసిక్యూషన్ అధిపతి వివరించారు. పాత చట్టంలోని ఒక్క మాట ఎంత పని చేస్తుందో, ఎంత పని చెడగొడుతుందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

1962: కాన్సులేట్ మూసివేత, దేవ్‌లీ శిబిరం

1962 అక్టోబరులో చైనాతో యుద్ధం మొదలైంది. అక్టోబరు 26న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆ ఏడాది చివరికి కలకత్తా, బొంబాయి నగరాలలోని చైనా కాన్సులేట్లు మూతపడ్డాయి. షాంఘై, లాసాలలోని భారత కాన్సులేట్లు కూడా మూసివేశారు. ఈ రెండు నగరాలలోనే ఉన్న బ్యాంక్ ఆఫ్ చైనా శాఖలను ప్రభుత్వం మూసివేయించింది. ఆ బ్యాంకుకు భారతదేశంలో మళ్లీ అనుమతి లభించింది 2018లో. కోల్‌కతాలో చైనా కాన్సులేట్ తిరిగి తెరుచుకున్నది 2008లో.

యుద్ధ సమయంలో ఎదుటి దేశపు కార్యాలయాలను మూయడం ఏ ప్రభుత్వమైనా చేసే పనే. అయితే ప్రతిస్పందన అక్కడితో ఆగలేదు. భారతదేశంపై దురాక్రమణ జరుపుతున్న దేశానికి తల్లిదండ్రులు గాని, తాత అవ్వలు గాని ఏనాడైనా పౌరులై ఉంటే, వారి సంతతికి కూడా విదేశీయుల చట్టాన్ని వర్తింపజేస్తూ 1962లోనే శాసనం తెచ్చారు. దాని ప్రకారం భారతదేశంలో పుట్టి, చైనా ముఖం చూడని వారు కూడా విదేశీయులతో సమానమయ్యారు.

అసోం, షిల్లాంగ్, ఉత్తర బెంగాల్ ప్రాంతాల నుంచి ఎక్కువగా, మొత్తం సుమారు మూడు వేల మంది చైనా సంతతి వారిని రైళ్లలో రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. వారిలో పసిపిల్లలు, వృద్ధులు ఉన్నారు. వారిని విచారణ లేకుండానే నిర్బంధించారు. 1963లో చాలామందిని మద్రాసు రేవు నుంచి ఓడలలో చైనాకు పంపారు. కొందరు ఏళ్ల తరబడి శిబిరంలోనే ఉండిపోయారు. విడుదలై తిరిగి వచ్చిన అనేకులకు ఇల్లు లేదు, అంగడి లేదు.

కలకత్తాలో తిరెట్టి బజారు, టాంగ్రా చైనా సంతతి వారి పేటలు. తోళ్ల పరిశ్రమ, చెప్పుల దుకాణాలు, వడ్రంగం, దంత వైద్యం వారి వృత్తులు. యుద్ధానంతరం కూడా వారి రాకపోకలపై ఆంక్షలు, పోలీసుల వద్ద నమోదు వంటి నిబంధనలు కొనసాగాయి. దాంతో ఎంతోమంది కెనడా తదితర దేశాలకు తరలిపోయారు. నేడు నగరంలో మిగిలిన సముదాయం నాటితో పోలిస్తే బహు చిన్నది.

రాజ్యం అనుమానాన్ని వ్యక్తి చర్యపై కాక వంశంపై నిలిపినప్పుడు, గూఢచారి దొరికినా దొరకకపోయినా, అమాయకుడు నష్టపోవడం తప్పదని ఈ చరిత్ర చెబుతోంది. అమెరికా కూడా రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సంతతి పౌరులను ఇలాగే నిర్బంధించింది. 1988లో ఆ దేశం చట్టం ద్వారా క్షమాపణ చెప్పి పరిహారం చెల్లించింది. దేవ్‌లీ బాధిత కుటుంబాలు కూడా అటువంటి గుర్తింపునే కోరుతున్నాయి.

ఎన్నికల సొమ్ము: 1967 నుంచి 1976 వరకు

ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో అటు అమెరికా, ఇటు సోవియట్ యూనియన్ భారత రాజకీయాలలో సొమ్ము ఖర్చు చేశాయన్న ఆరోపణలు విస్తృతంగా వచ్చాయి. 1967 సార్వత్రిక ఎన్నికలలో అనేక రాష్ట్రాలలో కాంగ్రెస్ అధికారం కోల్పోయింది. పశ్చిమ బెంగాల్‌లో అజయ్ ముఖర్జీ ముఖ్యమంత్రిగా యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం ఏర్పడింది. ఆ ఎన్నికలలో విదేశీ ధనం పాత్రపై ఇంటెలిజెన్స్ బ్యూరో చేత ప్రభుత్వం విచారణ జరిపించింది. హోంమంత్రి వై.బి. చవాన్ ఆ నివేదికను ప్రచురించడానికి నిరాకరించారు. అందులోని అంశాలు పత్రికలకు పొక్కాయి. పార్లమెంటులో దుమారం చెలరేగింది.

1973 నుంచి 1975 వరకు భారత్‌లో అమెరికా రాయబారిగా పనిచేసిన డేనియల్ పాట్రిక్ మోయ్‌నిహన్ 1978లో ఒక పుస్తకం ప్రచురించారు. కేరళలో ఒకసారి, పశ్చిమ బెంగాల్‌లో ఒకసారి కమ్యూనిస్టుల గెలుపును అడ్డుకునేందుకు కాంగ్రెస్ పక్షానికి సీఐఏ సొమ్ము అందిందని అందులో రాశారు. కాంగ్రెస్ నాయకత్వం దీనిని తోసిపుచ్చింది. రష్యా నుంచి బ్రిటన్‌కు చేరిన మిత్రోఖిన్ పత్రాల ఆధారంగా 2005లో వెలువడిన మరో గ్రంథం, కేజీబీ భారత రాజకీయ పక్షాలకు, పత్రికలకు ధనం పంపిందని పేర్కొంది. ఆయా పక్షాలు దానినీ ఖండించాయి. ఈ రెండు ఆరోపణలూ న్యాయస్థానంలో పరీక్షకు నిలిచినవి కావు.

ఈ నేపథ్యంలో వచ్చినదే 1976 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. అత్యవసర పరిస్థితి అమలులో ఉన్న ఆ రోజులలో కేంద్ర హోంమంత్రి ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. చట్టం ఆ ఏడాది ఆగస్టు 5న అమలులోకి వచ్చింది. ఎన్నికల అభ్యర్థులు, చట్టసభల సభ్యులు, రాజకీయ పక్షాలు, న్యాయమూర్తులు, ప్రభుత్వోద్యోగులు, వార్తాపత్రికల సంపాదకులు, విలేఖరులు విదేశీ విరాళాలు తీసుకోరాదని అది నిషేధించింది. అంటే ప్రజాస్వామ్యానికి ఆధారమైన వ్యవస్థలన్నింటి చుట్టూ ఒక కంచె వేసింది. స్వచ్ఛంద సంస్థలు మాత్రం లెక్కలు చూపి విరాళాలు పొందవచ్చు.

ఈ చట్టం స్థానంలో 2010లో కొత్త చట్టం వచ్చింది. 2020 సవరణతో స్వచ్ఛంద సంస్థలపై నిబంధనలు బిగిశాయి. విదేశీ సొమ్మును ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే స్వీకరించాలన్నది అందులో ఒకటి. ఒక సంస్థ తాను పొందిన విరాళాన్ని మరొక సంస్థకు బదిలీ చేయకూడదన్నది ఇంకొకటి. సుప్రీంకోర్టు 2022లో ఈ సవరణలను సమర్థించింది. కోల్‌కతా కేంద్రంగా ఉన్న మిషనరీస్ ఆఫ్ ఛారిటీ రిజిస్ట్రేషన్ పునరుద్ధరణను హోంమంత్రిత్వ శాఖ 2021 డిసెంబరులో నిరాకరించి, 2022 జనవరిలో తిరిగి ఇచ్చింది. వృద్ధులకు, అనాథలకు అన్నం పెట్టే సంస్థ కూడా ఈ చట్టపు చట్రంలోకే వస్తుంది.

మరోవైపు రాజకీయ పక్షాల విషయంలో చట్టం నడక వేరుగా సాగింది. ఒక విదేశీ కంపెనీ అనుబంధ సంస్థల నుంచి విరాళాలు స్వీకరించి కాంగ్రెస్, బీజేపీ రెండూ చట్టాన్ని ఉల్లంఘించాయని ఢిల్లీ హైకోర్టు 2014లో తీర్పు చెప్పింది. ఆ తరువాత 2016, 2018 ఆర్థిక చట్టాల ద్వారా 'విదేశీ వనరు' నిర్వచనాన్ని పార్లమెంటు మార్చింది. ఆ మార్పును 1976 ఆగస్టు 5 నుంచే వర్తింపజేసింది. 2018లో ప్రవేశపెట్టిన ఎన్నికల బాండ్లు దాత పేరును ఓటరుకు కనబడనివ్వలేదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని కొట్టివేసింది. సొమ్ము ఎవరిదో ఓటరుకు తెలియకపోతే అది స్వదేశీయమా, విదేశీయమా అని తేల్చుకునే మార్గం కూడా ఉండదు.

కాన్సులేట్ అధికారి ఏమి చేయవచ్చు?

దౌత్య వ్యవహారాలకు 1961 నాటి వియన్నా ఒప్పందం, కాన్సులేట్లకు 1963 నాటి వియన్నా ఒప్పందం ఆధారాలు. రాయబార కార్యాలయం ఆతిథ్య దేశపు పరిస్థితులను చట్టబద్ధమైన మార్గాలలో తెలుసుకుని తన ప్రభుత్వానికి నివేదించవచ్చు. కాన్సులేట్ విషయంలో ఒప్పందం వాణిజ్య, ఆర్థిక, సాంస్కృతిక, శాస్త్రీయ రంగాలను పేర్కొంటుంది. రాజకీయ జీవితాన్ని పేర్కొనదు. ఆతిథ్య దేశపు అంతర్గత వ్యవహారాలలో జోక్యం చేసుకోరాదన్నది ఇద్దరికీ వర్తించే నియమం.

రక్షణలో కూడా తేడా ఉంది. రాయబారిని అరెస్టు చేయరాదు. కాన్సులర్ అధికారికి ఉన్న రక్షణ ప్రధానంగా ఉద్యోగ ధర్మంగా చేసిన పనులకే పరిమితం. ఘోర నేరమైతే న్యాయాధికారి ఆదేశంపై నిర్బంధించవచ్చు. ఎవరినైనా సరే, కారణం చెప్పకుండానే 'అవాంఛనీయ వ్యక్తి'గా ప్రకటించి వెనక్కు పంపే హక్కు ఆతిథ్య దేశానికి ఉంది. ప్రభుత్వాలు తరచుగా వాడే సాధనం ఇదే. రహస్య సాక్ష్యాలను న్యాయస్థానంలో బయటపెట్టవలసిన అవసరం దీనికి లేదు.

1971లో కలకత్తా ఇందుకు ఒక ఉదాహరణగా నిలిచింది. బంగ్లాదేశ్ ప్రవాస ప్రభుత్వం నగరంలోని థియేటర్ రోడ్డు నుంచి పనిచేసేది. ఆ సమయంలో అవామీ లీగ్‌కు చెందిన కొందరితో అమెరికా కాన్సులేట్ రహస్య సంప్రదింపులు జరిపినట్లు అమెరికా ప్రభుత్వమే తరువాత వెల్లడించిన పత్రాలు చూపుతున్నాయి. ఆ కాలంలో ఇక్కడ పనిచేసిన ఒక అధికారిని 1981లో ఢిల్లీ రాయబార కార్యాలయంలో రాజకీయ విభాగానికి నియమించగా భారత్ అంగీకరించలేదు. ఆయనకు సీఐఏతో సంబంధం ఉందన్న ప్రచారాన్ని అమెరికా ఖండించింది. అది సోవియట్ దుష్ప్రచారమని ఆరోపించింది. ప్రతిగా ఒక భారత అధికారి నియామకాన్ని తిరస్కరించింది.

బహిష్కరణకు ప్రతి బహిష్కరణ దాదాపు ఆనవాయితీ. 1971లో బ్రిటన్ ఒక్కసారిగా 105 మంది సోవియట్ అధికారులను దేశం నుంచి తొలగించింది. 2016 డిసెంబరులో ఎన్నికలలో జోక్యానికి ప్రతిచర్యగా అమెరికా 35 మంది రష్యన్ అధికారులను పంపివేసింది. 2016 అక్టోబరులో, మళ్లీ 2025 మే నెలలో పాకిస్తాన్ హైకమిషన్ సిబ్బందిని భారత్ బహిష్కరించినప్పుడు పాకిస్తాన్ కూడా అదే పని చేసింది.

ప్రధాని కార్యాలయం వరకు: 1985

బయటి వారిని పంపివేయడం సులభం. ఇంటి దొంగను పట్టడం కష్టం. 1985 జనవరిలో కుమార్ నారాయణ్ అనే వ్యాపార ప్రతినిధి ద్వారా ప్రధానమంత్రి కార్యాలయం, ఇతర ముఖ్య శాఖల పత్రాలు విదేశాలకు చేరుతున్నాయన్న కేసు బయటపడింది. గుమస్తాలు, ఆంతరంగిక సహాయకులు చిన్న చిన్న ప్రతిఫలాలకు దస్త్రాలను నకలు తీయించి ఇచ్చారన్నది అభియోగం. ప్రధాని రాజీవ్ గాంధీ పార్లమెంటుకు విషయం తెలియజేశారు. ప్రధాని ముఖ్య కార్యదర్శి పి.సి. అలెగ్జాండర్ తన కార్యాలయ సిబ్బంది నిందితులైనందున రాజీనామా చేశారు. ఫ్రెంచి రాయబార కార్యాలయ సైనిక విభాగపు అధికారి దేశం విడిచి వెళ్లారు.

రాజకీయ బాధ్యత వెంటనే స్వీకరించారు. న్యాయ ప్రక్రియ మాత్రం మందగించింది. ఢిల్లీ న్యాయస్థానం మాజీ ఉద్యోగులను దోషులుగా నిర్ధారించింది 2002లో, అంటే 17 ఏళ్ల తరువాత. అప్పటికి ప్రధాన నిందితుడు మరణించాడు. రహస్యాల చట్టం కింద విచారణ మూసిన తలుపుల వెనుక జరగవచ్చు. అందువల్ల వ్యవస్థలో లోపం ఎక్కడ ఉందో ప్రజలకు పూర్తిగా తెలిసే అవకాశమూ తక్కువే.

పురూలియా: న్యాయస్థానం, దౌత్యం

1995 డిసెంబరు 17 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా పల్లెలపై ఒక విమానం వందల కొద్దీ ఏకే-47 తుపాకులను, భారీగా తూటాలను జారవిడిచింది. కొద్ది రోజులకే ఆ విమానాన్ని బొంబాయిలో దింపించి, పీటర్ బ్లీచ్ అనే బ్రిటిష్ పౌరుడిని, ఐదుగురు విమాన సిబ్బందిని అరెస్టు చేశారు. సూత్రధారిగా పేర్కొన్న డెన్మార్క్ పౌరుడు కిమ్ డేవీ తప్పించుకున్నాడు. నాటి వామపక్ష ప్రభుత్వాన్ని అస్థిరపరచడమే లక్ష్యమని, కేంద్రానికి ముందే తెలుసునని డేవీ అనంతరం చెప్పుకున్నాడు. సీబీఐ దానిని తోసిపుచ్చింది.

ఇది అచ్చంగా గూఢచర్యపు కేసు కాదు. అయినా విదేశీయుల కుట్రకు ప్రజాస్వామ్య దేశం బహిరంగ విచారణతో సమాధానం చెప్పగలదని చూపింది. కలకత్తా న్యాయస్థానం 2000లో ఆరుగురికీ యావజ్జీవ శిక్ష విధించింది. ఆ తరువాత దౌత్యం ప్రవేశించింది. రష్యా కోరికపై విమాన సిబ్బందికి అదే ఏడాది, బ్రిటన్ విజ్ఞప్తులపై బ్లీచ్‌కు 2004లో రాష్ట్రపతి క్షమాభిక్ష లభించింది. డేవీని అప్పగించేందుకు డెన్మార్క్ న్యాయస్థానాలు 2011లో ఒకసారి, 2024లో మరొకసారి నిరాకరించాయి. భారత జైళ్లలో హింసకు గురయ్యే ప్రమాదం ఉందన్నది వారి కారణం. మన కారాగారాల పరిస్థితి కూడా దేశ భద్రతకు సంబంధించిన అంశమేనని దీనితో తేలింది.

కంప్యూటర్ల కాలం

ఇప్పుడు దస్త్రాలను ఎత్తుకుపోవడానికి ఎవరూ తలుపు తెరవనక్కరలేదు. 2015లో జర్మనీ పార్లమెంటు, 2019లో ఆస్ట్రేలియా పార్లమెంటు కంప్యూటర్ వ్యవస్థలలోకి చొరబాట్లు జరిగాయి. బ్రిటన్ ఎన్నికల సంఘం వద్ద ఉన్న ఓటర్ల వివరాలు 2021లో చొరబాటుదారుల చేతికి చిక్కాయి. చైనా ప్రభుత్వంతో సంబంధమున్న వారే చేశారని 2024లో బ్రిటన్ ప్రకటించగా, చైనా ఖండించింది. జర్మనీ ఘటనకు ఐరోపా సమాఖ్య 2020లో రష్యా సైనిక గూఢచారి విభాగంపైన, దాని అధికారులపైన ఆంక్షలు విధించింది.

భారత్‌లో ఓటింగ్ యంత్రాలు ఏ నెట్‌వర్క్‌కూ అనుసంధానమై ఉండవని ఎన్నికల సంఘం చెబుతుంది. అయితే ఓటర్ల జాబితాలు, పక్షాల కార్యాలయాలు, నాయకుల ఫోన్లు, పత్రికల సర్వర్లు అనుసంధానమై ఉన్నవే. సైబర్ దాడి జరిగితే ఆరు గంటలలోగా తెలియజేయాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. 2020 జూన్ 29న ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది.

సామాజిక మాధ్యమాల వల పాతది, ఎర కొత్తది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం కేంద్ర సంస్థలతో కలిసి నౌకాదళ సిబ్బంది కొందరిని అరెస్టు చేసింది. విశాఖపట్నంలోని కొండ పేరిట దానిని 'డాల్ఫిన్స్ నోస్' కార్యాచరణ అన్నారు. పరిచయం లేని మహిళల పేరిట ఫేస్‌బుక్‌లో స్నేహం చేసి, నౌకల కదలికలు రాబట్టారన్నది అభియోగం. దర్యాప్తును ఎన్‌ఐఏ చేపట్టింది. నౌకాదళం తన స్థావరాలలో స్మార్ట్‌ఫోన్ల వాడకాన్ని నిషేధించింది.

ఫోన్లలోకి చొరబడే ఇజ్రాయెల్ సాఫ్ట్‌వేర్ పెగాసస్‌పై 2021 జూలైలో ఆరోపణలు వచ్చినప్పుడు, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం జస్టిస్ మదన్ లోకుర్, కలకత్తా హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ జ్యోతిర్మయ్ భట్టాచార్యలతో విచారణ సంఘాన్ని నియమించింది. ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం ఆ ఏడాది అక్టోబరులో వేరుగా సాంకేతిక కమిటీని ఏర్పాటు చేసింది. జాతీయ భద్రత అన్న మాట చెప్పినంత మాత్రాన న్యాయసమీక్ష ఆగిపోదని స్పష్టం చేసింది. డిసెంబరులో బెంగాల్ సంఘం పనిని నిలిపివేసింది. పరీక్షించిన 29 ఫోన్లలో ఐదింటిలో హానికర సాఫ్ట్‌వేర్ ఉన్నదని, అది పెగాసస్ అని నిర్ధారణ కాలేదని కమిటీ 2022లో తెలిపింది.

ఇతర దేశాల మార్గాలు

అమెరికా 1938లోనే విదేశీ ప్రతినిధుల నమోదు చట్టం తెచ్చింది. విదేశం తరఫున పనిచేసేవారు ఆ సంగతి బహిరంగంగా ప్రకటించాలన్నది దాని సారం. ఆస్ట్రేలియా 2018లో, బ్రిటన్ 2023 జాతీయ భద్రతా చట్టం ద్వారా ఇదే దారి పట్టాయి. తైవాన్ 2020లో చొరబాటు నిరోధక చట్టాన్ని అమలులోకి తెచ్చింది.

కెనడా బహిరంగ విచారణను ఎంచుకుంది. జస్టిస్ మరీ జోసె ఓగ్ కమిషన్ 2025 జనవరిలో తుది నివేదిక ఇచ్చింది. ఎన్నికల ఫలితాలపై జోక్యపు ప్రభావం స్వల్పమని, తప్పుడు సమాచారం పెద్ద ముప్పని తేల్చింది. చైనాతో పాటు భారత్ పేరును కూడా నివేదిక ప్రస్తావించగా, భారత ప్రభుత్వం ఆ ఆరోపణలను తిరస్కరించింది.

పర్యవేక్షణ ఎవరిది?

అమెరికా సెనెట్‌లో 1976 నుంచి నిఘా వ్యవహారాల కమిటీ ఉంది. బ్రిటన్, జర్మనీ పార్లమెంట్లకూ ఇటువంటి ఏర్పాటు ఉంది. భారత్‌లో ఇంటెలిజెన్స్ బ్యూరో, రా సంస్థలు పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడినవి కావు. వాటిపై ప్రత్యేక పార్లమెంటరీ కమిటీ లేదు. 2011లో మనీష్ తివారీ లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు.

పర్యవేక్షణ ఉంటే నిఘా బలహీనపడుతుందన్న వాదం ఉంది. అనుభవం వేరు విధంగా చెబుతోంది. 1967 నివేదికను దాచినందువల్ల ప్రజలకు నిజం తెలియలేదు, వదంతి మిగిలింది. 1962లో చేసిన నిర్బంధాలను ప్రశ్నించే వేదిక లేనందువల్ల వేల మందికి ఉపశమనం లభించలేదు. పురూలియా కేసు బహిరంగంగా సాగినందువల్ల కనీసం దోషులెవరో, లోపాలేవో నమోదయ్యాయి.

గూఢచర్యం పేరిట ప్రభుత్వం ఏదైనా చర్య ప్రకటించినప్పుడు పౌరులు నాలుగు ప్రశ్నలు వేసుకోవచ్చు. చర్య ఒక వ్యక్తి చేసిన పనిపైనా, లేక ఒక సముదాయంపైనా? దానికి స్పష్టమైన చట్టం ఉందా? న్యాయస్థానంలో గాని చట్టసభలో గాని దానిని ప్రశ్నించే వీలుందా? అదే నియమం అధికార పక్షానికి, ప్రతిపక్షానికి, స్వచ్ఛంద సంస్థకు సమానంగా వర్తిస్తోందా? ఈ నాలుగింటికీ సంతృప్తికరమైన సమాధానం ఉన్నప్పుడే ఆ చర్య ప్రజాస్వామ్యాన్ని కాపాడినట్లవుతుంది.